పేరు రాసిన విమానాలు

మొదటి ప్రపంచయుద్ధపు గగనపోరును ఇద్దరు పైలట్ల పంతంగా, ఒకరి తోక వెనక్కి మరొకరు చేరే పెనుగులాటగా కుదించే సినిమాలను ఈ శీర్షిక చాలాసార్లు దెప్పింది. ఈ వారం మళ్లీ చూసిన 1966 నాటి ‘ది బ్లూ మాక్స్’ ఆ చిరాకును మొదట పెంచింది కూడా.

ఆ సినిమాల్లో కనిపించని గగనపోరు ఒకటి హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైందని తార్నాకలో అందరికీ తెలుసు గానీ, అదే ఏడాది అదే నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో సమకూరిన విమానాలు ఫ్రాన్సు నుంచి జర్మనీ మీదికి బాంబులు మోశాయన్నది అంతగా ప్రచారంలో లేదు. బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్, అంటే ఒక అధికారి కింద కలిసి ఎగిరే విమానాల దళం, అందుకే ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్ అయింది. దాని డీహెచ్ 9ఏ విమానాలపై నిజాం కానుక అని రాయించారు. ముందు పైలట్, వెనక మరతుపాకీతో అబ్జర్వర్ కూర్చునే ఆ పగటి బాంబర్లకు బారు విడవకపోవడమే రక్ష కాబట్టి, అందులో హీరోకీ చోటు లేదు, ప్రత్యర్థికీ చోటు లేదు. సినిమావాళ్లు అటు చూడనిది అందుకేనని ఇక్కడితో తీర్పు చెప్పేయవచ్చు.

అయితే ‘బ్లూ మాక్స్’ అసలు గొడవ పోరు కాదు, లెక్క. సాక్షి గానీ శకలం గానీ లేనిదే కూల్చివేతను జర్మన్లు ఖాతాలో వేసేవారు కారు. ఇరవై కూల్చితేనే దక్కే ‘బ్లూ మాక్స్’ పతకం కోసం కందకాల నుంచి వచ్చిన కథానాయకుడు స్టాహెల్ తన తొలి కూల్చివేత శకలాన్ని వెతుకుతూ తిరుగుతాడు, ఆనక చనిపోయిన తోటి పైలట్ కూల్చినవీ తన పేరనే రాయించుకుంటాడు. రెక్కల యంత్రం మీద దాత పేరు రాయించుకోవడం ఈ ఆకలికి ఎంతో దూరం కాదు.

ఎఫ్ 1010 అనే డీహెచ్ 9ఏ మీద ‘హైదరాబాద్ 12ఏ’ అని ఉంటుంది. 1918 అక్టోబర్ 5న అది శత్రువుకు చిక్కింది, అందులోని ఇద్దరూ బందీలయ్యారు, విమానం బెర్లిన్ మ్యూజియంలో కొలువుదీరి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా ఇంగ్లండ్ వచ్చింది. నిజాం పేరు దాని మీద మిగిలింది గానీ, బెర్లిన్‌లో ఉన్నన్నాళ్లూ అది స్టాహెల్ వెతికిన శకలం లాంటిదే, ఎదుటివాడి లెక్కకు రుజువు.