నిన్న మంచిగనే ఉంటివి గదా!

జబ్బు గురించిన కథలకు మనం అలవాటుపడ్డ ముగింపులు రెండే: కోలుకోవడం, లేదా చనిపోవడం. తగ్గినట్టే తగ్గి, చెప్పాపెట్టకుండా తిరగబెట్టి, జీవితాంతం వెంట వచ్చే జబ్బును ఎలా చదవాలో స్త్రీవాద విమర్శ ఇంకా నేర్చుకోవాల్సే ఉంది.

ప్రేమకు, యుద్ధానికి, అసూయకు సాహిత్యంలో దక్కిన చోటు జబ్బుకెందుకు దక్కలేదని వర్జీనియా వుల్ఫ్ 1926లో 'ఆన్ బీయింగ్ ఇల్' వ్యాసంలో అడిగింది. మంచాన పడ్డ మనిషికి ఆకాశం కొత్తగా కనిపిస్తుందంది. గొప్ప వ్యాసమే. కానీ మంచాన పడాలన్నా ఆ పూట వంట మరొకరు చెయ్యాలి కదా! గద్వాలలో మగ్గమున్న ఇంట్లో కండెలు చుట్టే స్త్రీకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం వస్తే?

ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ పొరల మీద దాడి చేసే ఈ జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో రెండుమూడు రెట్లు ఎక్కువ. పొద్దున్నే బిగుసుకున్న వేళ్ళు మధ్యాహ్నానికి సర్దుకోవచ్చు. వారమంతా బాగుండి ఎనిమిదో రోజు చెంబు కూడా ఎత్తలేకపోవచ్చు. అప్పుడు వినబడే మాట: "నిన్న మంచిగనే ఉంటివి గదా!" నొప్పితో పాటు ఈ అపనమ్మకాన్నీ ఆమే మొయ్యాలి. చాలా ఇళ్ళలో మగ్గమూ, కూలీ భర్త పేరునే. లెక్కలోనే లేని పనికి సెలవెక్కడిది?

జబ్బును ప్రతీకగా మార్చొద్దని సుసాన్ సొంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్'లో హెచ్చరించింది. ఆమె రాసింది క్షయ, క్యాన్సర్ల గురించి. కరువు, వలసల పాలమూరు సాహిత్యం చదివే మనకూ ఆ హెచ్చరిక అవసరమే. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో జబ్బుపడ్డ స్త్రీ కనబడగానే బీడునేలకు గుర్తుగా చదివేస్తాం. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళొచ్చిన ఊళ్ళోనూ ఆమె వేళ్ళు బిగుసుకుంటూనే ఉంటాయి. ఆ నొప్పి నేలది కాదు, ఆమెది.

స్త్రీల శరీరం గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' దారి వేసింది. ఇప్పుడు రోజువారీ బతుకూ రాయాలి. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ వారం గుర్తుంచుకోవడం, రక్తపరీక్షల కోసం ఒకరోజు కూలి వదులుకోవడం, ఏ పని ఏ పూటకు వాయిదా వెయ్యాలో తేల్చుకోవడం, సిగ్గుపడకుండా సాయమడగడం. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. దారి దగ్గరైనా ఆ రోజు కూలి పోవడం మాత్రం తప్పదు.

జబ్బుతో బతకడం నేర్చుకోవడమూ, ఓర్చుకోవడమూ ఒకటి కావు. సహనాన్ని ఆడదాని గుణంగా పొగిడే చోట ఈ తేడాను విమర్శే గట్టిగా చెప్పాలి. ఆమె ఓర్పును మెచ్చుకునే కథ దొరికినప్పుడు, ఆ రోజు ఆ ఇంట్లో వంటెవరు చేశారని అడుగుదాం. బాగున్న రోజున ఆమె నవ్వితే, నిన్నటి నొప్పి అబద్ధమని తేల్చకుండా చదువుదాం.