ఒకే ఊరికి రెండు బస్సులు

ఈ వారం నా కోపమంతా రెండు బస్సుల మీద. విశ్వవిద్యాలయం ఒకటే, ఊరూ ఒకటే. భూగోళశాస్త్రం పిల్లలు ఒక బస్సులో భద్రాచలం వెళ్ళొచ్చారు. పది రోజులు తిరక్కుండా రాజనీతిశాస్త్రం పిల్లలు ఇంకో బస్సులో అదే భద్రాచలం వెళ్ళొచ్చారు. ఆ బ్యాచ్‌లను తీసుకెళ్ళిన లెక్చరర్లిద్దరూ ఆదివారం మా ఇంటికొచ్చి, పిల్లల ఫీల్డు నోట్‌బుక్కుల కట్టలు బల్ల మీద పెట్టి, "తీరిగ్గా చూడండి సార్" అన్నారు. కట్ట విప్పకముందే అడిగాను: "ఒక్క బస్సు సరిపోయేది కదమ్మా?" ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు ఆ గోడ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ రెండు శాఖల మధ్య గోడ పడగొట్టాలని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఉస్మానియాలోనే చూడండి, భూగోళశాస్త్రం సైన్సు కాలేజీ కింద, రాజనీతిశాస్త్రం ఆర్ట్స్ కాలేజీలో. షా మంజూర్ ఆలం గారు హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల మీద 1965లో పుస్తకం తెచ్చింది ఆ క్యాంపస్ నుంచే. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన జి. రాంరెడ్డి గారు పాఠాలు చెప్పిందీ అక్కడే. తర్వాత ఆయన 1982లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఇగ్నోకూ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. నగరం ఎటు పెరుగుతుందో ఒకరు చూశారు, ఊరిని ఎవరు ఏలుతున్నారో ఇంకొకరు చూశారు. ఈ రెండూ ఒకే విద్యార్థి నేర్చుకోవాలన్నదే ఇన్నేళ్ళుగా నా వాదన.

దానికి భద్రాచలాన్ని మించిన పాఠం ఇంకోటి లేదు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఆ సీమను నిజాం 1860లో బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చేశాడు. అందుకే ఎడమ ఒడ్డు చివరికి మద్రాసు పాలనలోకి పోయింది, ఎదురుగా ఉన్న బూర్గంపాడు వైపు నిజాం కింద మిగిలింది. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకలో 1950లో పుట్టిన మనిషిని తలుచుకోండి. పుట్టినప్పుడు మద్రాసు రాష్ట్రం, తూర్పుగోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో జిల్లా మారి ఖమ్మం. 2014లో పోలవరం ముంపు పేరుతో మళ్ళీ తూర్పుగోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం ఎక్కడో పాడేరులో. ఇన్ని మారినా ఆయన ఇంటి గడప కదల్లేదు. రాముడి గుడి ఉన్న పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది.

నాకు ఆ ఊరితో పరిచయం 1986లో. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. నీళ్ళు తీశాక పన్నెండు మంది పిల్లల్ని తీసుకుని వెళ్ళాను, భూగోళశాస్త్రం లెక్చరరుగా అప్పుడు కొత్త. గోడల మీద బురద చార ఎక్కడిదాకా ఉందో చూసి, ఆ చార ఎత్తు లెక్కగట్టడం పని. డంపీ లెవెల్ ఒకటి, దాని ముక్కాలి స్టాండు, గడుల గుర్తులున్న కొలకర్రలు, అంటే స్టాఫ్‌లు, రెండు. తెలిసిన ఎత్తు చెక్కి ఉన్న బెంచ్‌మార్క్ దగ్గర మొదలుపెట్టి, యాభై, అరవై మీటర్లకోసారి స్టాండు దింపుకుంటూ, బుడగ మధ్యకు తెచ్చుకుంటూ, వీధి వీధి తిరిగి మళ్ళీ అదే బెంచ్‌మార్క్‌కు చేరాలి. చేరాక మొదటి లెక్కా చివరి లెక్కా కలవాలి. రెండు కిలోమీటర్ల చుట్టుకు రెండు మూడు సెంటీమీటర్ల తేడా అయితే సరిపెట్టుకోవచ్చు. మాకు పన్నెండు వచ్చింది.

పిల్లలు అలిసిపోయారు. ఆ పన్నెండునూ అన్ని పాయింట్లకూ పంచేద్దాం సార్ అన్నాడొకడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటినుంచి. అప్పుడు కనపడింది తప్పు: స్టాఫ్ పట్టుకున్న కుర్రాడు దాన్ని కాస్త వాల్చి నిలబెడుతున్నాడు. వాలిన స్టాఫ్ ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. అందుకే స్టాఫ్‌ను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊపించి, అద్దంలో కనపడే అన్నిటికంటే చిన్న అంకె రాసుకోవాలి. సాయంత్రానికి తేడా రెండు సెంటీమీటర్లకు దిగింది. ఆ రోజు ఆ పిల్లలకు నేర్పింది నేను మర్చిపోలేదు, వాళ్ళూ మర్చిపోయి ఉండరు.

ఆ వీధిలో ఇద్దరు ఆడవాళ్ళకు వాదన. నీళ్ళు కిటికీ చువ్వల దాకా వచ్చాయని ఒకామె, కాదు గూట్లో దీపం దాకా వచ్చాయని ఇంకొకామె. లెవెల్ పెట్టి చూస్తే రెండు చారలూ ఒకే ఎత్తు. రెండో ఇంటి నేలే మూడడుగులు పల్లం. ఇద్దరిదీ నిజమే అని చెబితే వాళ్ళ మొహాలు వికసించాయి. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ముసలాయన ఒకాయన అడిగారు: "ఈ అంకెలన్నీ రాసుకుని ఎవరికిస్తారు నాయనా?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచన. ఎవరికివ్వాలో, ఎవరు తీసుకోవాలో, తీసుకోకపోతే ఎవరిని అడగాలో నాకెవరూ నేర్పలేదు. ఆ విద్య మా కారిడార్ అవతల గదుల్లో ఉంది. గోడ పడగొట్టాలన్న పట్టుదల నాలో అక్కడ పుట్టింది.

సరే, సోమవారం నోట్‌బుక్కులు తెరిచాను. భూగోళశాస్త్రం అమ్మాయి ఒకతె మొదటి పేజీలోనే ఒక మాట రాసింది. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. మొదటిదానికీ మూడోదానికీ మధ్య పదడుగులు, అంటే మూడు మీటర్లు. ఉచితంగా దొరికే ఉపగ్రహాల ఎత్తుల లెక్కల్లో పొరపాటే కొన్ని మీటర్లు ఉంటుంది. కాబట్టి కంప్యూటర్లో రంగులేసిన మ్యాపు చూసి, ఏ ఇల్లు మొదటి హెచ్చరికకు మునుగుతుందో, ఏది మూడోదానికి మునుగుతుందో చెప్పలేం. ఆ సంగతి గ్రహించి ఆ బ్యాచ్ డిపార్ట్‌మెంట్ బీరువాలోంచి పాత లెవెల్ తీసి, దుమ్ము దులిపి తీసుకెళ్ళింది. పేజీలకు పేజీలు బ్యాక్‌సైటు, ఫోర్‌సైటు అంకెలు. ఒక చోట "తేడా 9 సెం.మీ., రేపు మళ్ళీ" అని ఉంది. ఆ పేజీ మీద కాసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

రాజనీతిశాస్త్రం కుర్రాడి నోట్‌బుక్కులో ఒక్క కొలతా లేదు. ఎటపాక వైపు ఒక వేపచెట్టు కింద ఒకామెతో మాట్లాడాడు. నీటిమట్టం చూసేది భద్రాచలంలో, హెచ్చరిక ఇచ్చేది తెలంగాణ అధికారులు, ఈమె రేషన్ కార్డు ఆంధ్రప్రదేశ్‌ది. 2022 జులైలో నీళ్ళు 71.3 అడుగులకు వచ్చినప్పుడు నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. భద్రాచలంలో ఉన్న కూతురు ఫోన్ చేసిందట. తర్వాత అతను అడిగినవి వరుసగా రాసుకున్నాడు: నీ పేరు ఏ జాబితాలో ఉంది, సంతకం ఎవరు పెట్టారు, ఆ సంతకం చూడటానికి ఎంత దూరం పోయావు, పోయినరోజు కూలి ఎంత పోయింది. అదే ప్రశ్న మూడు రకాలుగా అడిగిన చోట్లున్నాయి. ఆ వరద తర్వాతే ఎటపాకతో కలిపి అక్కడి అయిదు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న మాట మళ్ళీ లేచింది. ఆమె ఏమనుకుంటోందో అందరికంటే ముందు అడగాల్సిన మాట, అడిగింది ఈ కుర్రాడు.

చదువుతుంటే కొల్లేరు గుర్తొచ్చింది. దాని గురించి ఈ కాలమ్‌లో ఎప్పుడూ రాయలేదు. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల గీత, దాకా అభయారణ్యంగా ప్రకటించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు నేనే పట్టుబట్టి రెండు శాఖల పిల్లల్నీ ఒకే బస్సెక్కించాను. కాగితం మీద గీసిన గీతను నేల మీద వెతకడం, ఆ గీత వల్ల చెరువులు పోతున్నవాళ్ళతో మాట్లాడటం, రెండూ కలిపి చెయ్యాలని ప్లాను. రెండో రోజుకు రాజనీతి పిల్లలు గట్ల మీద స్టాఫ్‌లు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. మా పిల్లలు నీడలో కూర్చుని రైతుల గోడు వింటున్నారు. వెనక్కొచ్చాక చూస్తే ఒక్క చుట్టు లెక్కా కలవలేదు, ఏ పట్టా ఎవరి పేరు మీద ఉందో ఒక్క కాగితంలోనూ లేదు. అందరూ అన్నీ చేశారు. ఎవరూ తమ పని మీద మొండిగా నిలబడలేదు.

తొమ్మిది సెంటీమీటర్ల కోసం మర్నాడు మళ్ళీ తిరిగిన అమ్మాయి, ఒకే బస్సులో ఆ కుర్రాడితో కలిసి ఉంటే వేపచెట్టు కింద ఆగిపోయేదేమో. అతను స్టాఫ్ పట్టుకోవడానికి లేచి వెళ్ళి, మూడోసారి అడగాల్సిన ప్రశ్న అడక్కుండా పోయేవాడేమో. ఇన్నేళ్ళూ గోడ అని నేను తిట్టిపోసింది, ఈ పిల్లలకు వీపు ఆనించుకునే ఆసరా. రెండు శాఖలూ ఉండాలి, విడివిడిగా ఉండాలి, రెండిట్లోనూ ఖాళీలు నింపాలి. గెస్ట్ లెక్చరర్ చేత నాలుగు పేపర్లు చెప్పించి ఈ మొండితనం నేర్పమంటే కుదరదు.

ఆ వేపచెట్టు అమ్మాయి నోట్‌బుక్కులోనూ ఉంది. చెట్టు మొదట్లో స్టాఫ్ పెట్టి 2.315 అని రాసుకుంది. ఆ నీడలో కూర్చున్న మనిషి ఊసు లేదు. అతని పేజీలో ఆమె ఉంది, చెట్టు కింది నేల ఎంత పల్లమో లేదు. రెండు నోట్‌బుక్కులూ ఆ పేజీల దగ్గరే తెరిచి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. లెక్చరర్లిద్దరికీ ఫోన్ చేసి, వచ్చే ఆదివారం ఆ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని రమ్మన్నాను. "వచ్చే ఏడాదికి ఒకే బస్సు మాట్లాడమంటారా సార్?" అని అడిగింది ఆ అమ్మాయి లెక్చరరు. రెండు మాట్లాడండి అన్నాను.