కందకమా, ట్రెంచా?

భద్రాచలం అడవి అంచు పోడు మీద ఒక కొత్త రచయిత రాసిన కథను ఈమధ్య రాతప్రతిలో చదివాను. వస్తువు మీద పట్టుంది. కీలక సన్నివేశంలో మాత్రం "అటవీశాఖ వారు కందకం తవ్వించారు" అని రాశాడు. అదే కథలో కోయ రైతు "ట్రెంచి కొట్టిన్రు" అంటాడు. ఈ తేడా ఎందుకని అడిగితే, "కథనం మంచి తెలుగులో ఉండాలి కదండీ" అన్నాడు.

కందకం పుట్టుకతో తెలుగు కాదు. పారశీకంలో 'కందన్' అంటే తవ్వడం. దాని నుంచి వచ్చిన 'కందగ్' అరబ్బీలో 'ఖందక్' అయింది. క్రీ.శ. 627లో మదీనా రక్షణకు తవ్విన ఖందక్ పేరుతోనే ఆ యుద్ధాన్ని చెప్పుకుంటారు. మనకూ అది కోటమాటే. అగడ్తకు, పరిఖకు జోడు. కోట చుట్టూ తవ్వితే లోపలివాడికి రక్షణ. పోడు చుట్టూ తవ్వితే లోపల ఉండేది చేను, బయట మిగిలేది దున్నినవాడు.

ఇక ట్రెంచి. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన పాత ఫ్రెంచి క్రియకు అర్థం నరకడం. ఆ సంగతి తెలియనక్కర లేకుండానే మన రైతు దానికి 'కొట్టు'ను జతచేశాడు. ఆ క్రియ అతనికి కొత్తది కాదు. పోడును కూడా 'కొడతారు'. తుప్పలు కొట్టి, కాల్చి, విత్తుతారు. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచీ సర్కారు దృష్టిలో ఆ కొట్టడం నేరం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసికి హక్కుందని 2006 చట్టం ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా ఖమ్మం, కొత్తగూడెం పోడు చేలల్లో జేసీబీలు ట్రెంచిలు కొట్టాయి. మనిషి కొడితే నేరమైనది, యంత్రం కొడితే అడవి సంరక్షణ అయింది! రెండింటికీ ఒకే క్రియ వాడి రైతు ఆ వైరుధ్యాన్ని పట్టుకున్నాడు. పైగా అందులో దెబ్బ కూడా ఉంది. "కందకం తవ్వించారు" అనగానే ఈ లంకె తెగి, ఆఫీసు నివేదిక మిగులుతుంది.

కందకం మీద నాకు పగలేదు. ఉపాధి హామీ పనుల్లో వాననీరు ఇంకడానికి కూలీలు తవ్విన వాటినీ కందకాలనే అన్నారు. అక్కడ ఆ మాట నప్పుతుంది. అన్నట్టు, సమీక్షల్లో నేనూ 'వర్గాల మధ్య కందకం' అని ధారాళంగా రాసినవాణ్ణే. దాన్ని ఎవరు తవ్వారో ఒక్కసారీ చెప్పలేదు.

"కథకుడు కూడా రైతు యాసలోనే మాట్లాడాలా?" అని అతను అడిగాడు. అక్కర్లేదు, యాస పాత్రకే ఉండనివ్వు, ఆ క్రియ ఒక్కటి తీసుకో అన్నాను.