టైగర్ క్రూజర్లు: ఫిరంగి మంచిదే, సమయమే తప్పింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ నౌకాదళంలో చేరిన చివరి ఫిరంగి క్రూజర్లు మూడు: టైగర్, లయన్, బ్లేక్. క్రూజర్ అంటే డిస్ట్రాయర్ కంటే పెద్దది, దూర సముద్రాల్లో ఒంటరిగా తిరగగల యుద్ధనౌక. ఈ మూడూ ఎక్కువ కాలం నిలవలేదు. ఫిరంగులు బాగోలేవు కాబట్టి అలా జరిగిందని తేలిగ్గా అనేయొచ్చు. కానీ తప్పు ఫిరంగిది కాదు, దాన్ని ఎంచుకున్న పద్ధతిది అని నా అభిప్రాయం.

ఈ ఓడల పని 1941-42లో మొదలైంది. 1944-45లో వీటిని నీటిలోకి దింపారు. యుద్ధం ముగిశాక 1946లో పని ఆపేశారు. మొదటి ప్లాను ప్రకారం ఒక్కో ఓడకు మూడు టర్రెట్లు. టర్రెట్ అంటే ఫిరంగులు బిగించిన, అటూ ఇటూ తిరిగే ఉక్కు గది. ఒక్కో దాంట్లో మూడు చొప్పున మొత్తం 9 ఫిరంగులు, అన్నీ 6 అంగుళాలవి. 1954లో ప్రకటించిన కొత్త ప్లానులో 6 అంగుళాల ఫిరంగులు 4 మాత్రమే. వాటికి తోడు 3 అంగుళాలవి 6. అన్నీ ఆటోమేటిక్.

తొమ్మిది కాస్తా నాలుగైతే నష్టమే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. పాత ఫిరంగి నిమిషానికి 6 నుంచి 8 గుళ్లు పేల్చేది. తొమ్మిదీ కలిస్తే 54 నుంచి 72. కొత్తది నిమిషానికి 20 పేలుస్తుంది, నాలుగూ కలిస్తే 80. పైగా మూతి బాగా పైకెత్తి విమానాల మీదికీ కాల్చగలదు. కాగితం మీద కొత్తదే గెలిచింది.

సముద్రం మీద సంగతి వేరు. ముందు ఒక పెద్ద టర్రెట్, వెనక ఒకటి, అంతే. ఆ క్లిష్టమైన యంత్రాలు తరచూ మొరాయించేవి. ఒకటి ఆగితే సగం బలం పోయినట్టే. పాత ప్లానులో ఒక టర్రెట్ ఆగినా ఇంకా ఆరు ఫిరంగులు మిగిలేవి.

మరి వేరే దారులు లేవా? ఉన్నాయి. 1947లో మైనటార్ అనే పెద్ద క్రూజర్‌ను గీశారు. దానికి 6 అంగుళాల ఫిరంగులు 10. యుద్ధంతో ఖజానా చిక్కిపోయిన దేశానికి అది తలకు మించిన ఖర్చు, అందుకే కాగితం దాటలేదు. ఆ తర్వాత 5 అంగుళాల ఫిరంగులతో, టైగర్‌లో సగం కూడా లేని చిన్న ఓడను ఆలోచించారు. అదీ ఆగిపోయింది.

మూడో దారిని నెదర్లాండ్స్ చూపించింది. వాళ్ల దగ్గరా 1939లో మొదలుపెట్టి, సగంలో ఆగిన రెండు క్రూజర్లున్నాయి. వాళ్లు స్వీడన్‌లోని బోఫోర్స్ కంపెనీ ఆటోమేటిక్ ఫిరంగులు, దాదాపు 6 అంగుళాలవే, ఓడకు 8 చొప్పున బిగించి 1953లోనే పూర్తి చేశారు. వాటిలో ఒకటి తర్వాత పెరూ దేశానికి వెళ్లి 2017 వరకు పనిచేసింది. పాత ఓడకు కొత్త ఫిరంగి అన్న ఆలోచన తప్పు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

బ్రిటన్ మాత్రం ఇంకా వేగంగా, ఇంకా ఎత్తుకు కాల్చే ఫిరంగి కావాలని ఆగింది. టైగర్ 1959లో, లయన్ 1960లో, బ్లేక్ 1961లో చేతికొచ్చాయి. 1962లో సీస్లగ్ క్షిపణులతో డెవన్‌షైర్ అనే డిస్ట్రాయర్ వచ్చేసింది. విమానాన్ని కొట్టడానికి ఇక ఆ ఫిరంగే దిక్కు అనే రోజులు పోయాయి. తర్వాత బ్లేక్‌లో, టైగర్‌లో వెనక టర్రెట్ పీకేసి హెలికాప్టర్లకు చోటు చేశారు. లయన్‌కు ఆ భాగ్యమూ లేదు, 1975లో తుక్కుకు పోయింది.

మన దేశం కొన్న ఐఎన్ఎస్ మైసూర్‌తో పోల్చి చూడండి. అది యుద్ధకాలపు పాత బ్రిటిష్ క్రూజర్, పాత రకం ఫిరంగులు 9. మన నౌకాదళంలో 1957 నుంచి 1985 వరకు పనిచేసింది. కొత్త ఫిరంగుల టైగర్ 1978లోనే సెలవు తీసుకుంది. రెండు దేశాల అవసరాలు ఒకటి కావు, నిజమే. అయినా ఆలోచించాల్సిన విషయమే.

అందుకే ఓడ గొప్పతనం చెప్పేటప్పుడు నిమిషానికి ఎన్ని గుళ్లు అన్న లెక్కొక్కటే చాలదు. ఎన్నేళ్లకు చేతికొచ్చింది, ఒకటి పాడైతే ఎంత మిగులుతుంది అన్నవి కూడా అడగాలి. ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు ఊరికే అనలేదు.