గరాజు రాక్ సంకలనములు: ఊరి పేరు విషయము

సంకలనకర్త చేయవలసిన పనులు రెండు: ఏరుట, ఏరినది ఎక్కడిదో చెప్పుట. చాటుపద్యముల విషయమున ఈ రెండవ పని యెంత కష్టమో తెలుగు ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1960ల నడుమ అమెరికాలో ఊరూర బయలుదేరిన కుర్రవాండ్ర వాద్యబృందముల పాటల సంకలనములను కొన్నియేండ్లుగా సేకరించుచున్న నాకు అక్కడను ఇదే చిక్కు కనబడినది.

ఇంటి కారుషెడ్డులో సాధన చేయువారి సంగీతమను భావముతో దీనికి గరాజు రాక్ అను పేరు వచ్చినది. ఊరిలోని చిన్న కంపెనీ రెండు పాటల రికార్డును వేయును. ఆ ప్రాంతపు రేడియోలో కొన్నాళ్లు మ్రోగును. పెక్కింటికి అంతటితో సరి. ఇట్టి బృందముల పాటలకు ఎలెక్ట్రా సంస్థ 1972లో వెలువరించిన 'నగ్గెట్స్' ఆదిసంకలనము వంటిది. లెన్నీ కే అందు 27 పాటలను కూర్చెను. ఆయన చెవి మెచ్చదగినదే. కాని టెక్సాసు పాట, షికాగో పాట, కాలిఫోర్నియా పాట ఒకే దండలో చేరి తమ తోటలను మరపించును. అందులోని 'డర్టీ వాటర్' బోస్టను నగరమును, చార్లెస్ నదిని గూర్చినది. పాడిన స్టాండెల్స్ లాస్ ఏంజిలిస్ వారు! పాటలోని ఊరును బట్టి పాడినవారి ఊరును నిర్ణయించు పండితుడు ఇక్కడ బోల్తాపడును.

మరి ప్రాంతీయత ఎక్కడ నున్నది? 'లూయీ లూయీ'ని చూడుడు. 1957లో రిచర్డ్ బెర్రీ కాలిఫోర్నియాలో వెలువరించిన యీ పాటను, 1961లో టకోమాకు చెందిన వెయిలర్స్ వాద్యముతో రాకిన్ రాబిన్ రాబర్ట్స్ పాడెను. పిమ్మట వాయవ్యప్రాంతపు బృందములు దానిని తమ సొత్తు చేసికొనినవి. 1963లో పోర్ట్‌లండునందలి ఒకే స్టూడియోలో, కొలది దినముల యెడముతో, కింగ్స్‌మెన్ బృందమును పాల్ రెవియర్ బృందమును దానిని రికార్డు చేసెను. కింగ్స్‌మెన్ పాటలో మాటలు తెలియక, అశ్లీలమేమోనని ఎఫ్.బి.ఐ. విచారణ జరిపి, తుదకు ఏమియు తేల్చలేకపోయినది. ప్రాంతము మాటలలో లేదు. ఒకరి వలన ఒకరు విని నేర్చిన వాయింపులో నున్నది. ఒక్క పాటను విడదీసి చూపినచో ఆ వంశక్రమము తెగిపోవును.

అందుచేతనే, 1980లలో ప్రాంతములవారీగా వచ్చిన 'హైస్ ఇన్ ది మిడ్-సిక్స్‌టీస్' సంపుటములందు నాసిపాటలున్నను నాకు అవియే ప్రియము. నాసి పాట ప్రక్కన విన్నప్పుడే మంచి పాట యెక్కడినుండి లేచినదో తెలియును. టిమ్ వారెన్ 1983లో ప్రారంభించిన 'బ్యాక్ ఫ్రమ్ ది గ్రేవ్' బృందముల చరిత్రను శ్రద్ధతో చెప్పినది. కాని ఆయన మోటుపాటలనే ఏరెను. విరహగీతములు పాడిన కుర్రవాండ్రును అప్పుడుండిరి; వారికి ఆ సంపుటములలో చోటు లేదు.

ఇతరులను విమర్శించు నేనును ఇదే తప్పు చేసితిని. పదునైదేండ్ల క్రిందట హోసూరు ప్రాంతమున మా బడిపిల్లల అవ్వలు పాడిన పాటలను వ్రాసికొంటిని. తమిళ, కన్నడపదములు దొర్లినవానిని కల్తీయని వదలితిని. మిగిలినవానికి పాడినవారి పేరును గాని, ఊరిని గాని వ్రాయనైతిని. ఇప్పుడు నోటుపుస్తకము తెరచిన, ఏ పాట యే యూరిదో నాకే తెలియదు. ఆ అవ్వలలో ఇద్దరు మాత్రము మిగిలిరి. ఈ వేసవిలో వారి యొద్దకు పోవలయును.