వత్తుకు చోటిచ్చిన సిఎస్ఎస్

2015 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా పదకొండో వార్షికోత్సవం తిరుపతిలో జరిగింది. అలాంటి చోట మాటలన్నీ వ్యాసాల చుట్టూనే తిరుగుతాయి. వ్యాసం తెర మీద కుదురుగా కనబడడానికి వెనక నడిచే పని మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

తెలుగుకు అది చిన్న పని కాదు. ఫోన్లో ‘శ్రీకాళహస్తీశ్వర స్వామి దేవస్థానం’ అనే శీర్షిక రెండు వరసలుగా విరిగిందనుకోండి. పై వరసలో త వత్తు, వ వత్తు కిందికి దిగుతాయి. కింది వరసలో ఏత్వం పైకి లేస్తుంది. ఇంగ్లిషుకు సరిపోయే ఎడమే ఉంచితే రెండూ ఒరుసుకుంటాయి. అందుకే వికీపీడియాను నడిపే మీడియావికీలో తెలుగుతో సహా పలు భారతీయ భాషల ప్రధాన శీర్షికకు వరస ఎత్తు 1.6 రెట్లు ఉండాలని ప్రత్యేకంగా రాసిపెట్టారు.

ఇలాంటి నియమాలు భాషకొకటి చొప్పున చేరుతూపోతే, పేజీ రూపాన్ని నిర్ణయించే సిఎస్ఎస్ ఫైలు కొండవీటి చాంతాడే. దాన్ని అదుపులో పెట్టడానికే 2006లో సాస్, 2009లో లెస్ అనే ప్రీప్రాసెసర్లు పుట్టాయి. రంగుకో పేరు పెట్టుకుంటే ఒక్కచోట మార్చినా అన్నిచోట్లా మారుతుంది. చిక్కేమిటంటే, బ్రౌజరుకు ఆ రాత అర్థం కాదు. 2013లో వచ్చిన మీడియావికీ 1.22, లెస్‌ను సిఎస్ఎస్‌గా మార్చే పనిని సర్వర్‌కే అప్పగించింది. వర్డ్‌ప్రెస్ దారి వేరు: అడ్మిన్ రంగులను 3.8 నుంచి సాస్‌లోనే రాసుకుంటున్నా, విడుదలకు ముందే సిఎస్ఎస్‌గా మార్చి ఇస్తుంది.

మూసలు చేసే వికీ సభ్యులకు మాత్రం లెస్ అందదు. మూసల రూపం కోసం ఉన్న టెంప్లేట్‌స్టైల్స్‌లో మామూలు సిఎస్ఎస్సే రాయాలి, అదీ జల్లెడ పట్టాకే సేవ్ అవుతుంది. ఇది వివక్షలా అనిపించవచ్చు కానీ, ఈ కాలమిస్టు దృష్టిలో సబబే. సిఎస్ఎస్‌లో ఒక విలువ తప్పుపడితే బ్రౌజర్ ఆ ఒక్కదాన్నే వదిలేసి ముందుకు పోతుంది. లెస్‌లో లేని పేరొకటి వాడితే చాలు, మొత్తం మార్పిడే ఆగిపోతుంది. పదిమంది చేయి పెట్టే చోట అంత పెళుసుతనం పనికిరాదు.

లెస్‌కు ఇంకో హద్దు కూడా ఉంది. అందులోని రంగు సర్వర్ దగ్గరే ఖరారైపోతుంది; చదివేవారు తెర మీద మార్చుకోలేరు. 2024లో వికీపీడియాకు డార్క్ మోడ్ వచ్చినప్పుడు సిఎస్ఎస్ సొంత వేరియబుల్సే ఆ పని చేశాయి. లెస్‌లోని మరో సౌకర్యం, ఒక నియమం లోపల ఇంకో నియమం రాసే నెస్టింగ్ కూడా 2023లో నేరుగా బ్రౌజర్లలోకి వచ్చేసింది. అయినా అది తెలియని పాత ఫోన్లతో చదివేవారు ఉన్నంతకాలం, సర్వర్‌లో ఆ మార్పిడిని ఆపేయడం తొందరపాటే అవుతుంది.