చేయి తిరిగినవాళ్లతోనే భయం

ఈ వారం విశాఖ ద్వారకా నగర్‌లో ఒకాయన స్కూటర్ మీద ఎదురుదారిలో వచ్చి సరిగ్గా నా ముందు ఆగాడు. ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్లాలట. హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది. ఇదేం పనండీ అంటే, "ఏటీ అవదండీ, చిన్నప్పట్నుంచీ నడుపుతున్నాను" అన్నాడు. అందులో పొగరు లేదు, నమ్మకం ఉంది. నాకు దిగులు కలిగించింది ఆ నమ్మకమే.

అది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 1981లో ఓలా స్వెన్సన్ ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది తోటివాళ్లలో సగం మంది కన్నా తామే బాగా నడుపుతామని చెప్పుకున్నారు.

నా పాత పాట ఒకటుంది: లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తే చాలదు, బండి నడపడం సరిగ్గా నేర్పాలి. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే నందమూరి హరికృష్ణ గుర్తొచ్చారు.

ఆయనకు డ్రైవింగ్ రాదని ఎవరనగలరు? తండ్రి ఎన్టీఆర్ పార్టీ పెట్టాక ప్రచారబండి చైతన్యరథాన్ని ఊరూరా నడిపింది ఆయనే. అప్పటి గతుకుల రోడ్ల మీద, ముందూ వెనకా విరగబడే జనం మధ్య ఆ స్టీరింగ్ పట్టడం మామూలు పని కాదు. 2014లో ఆయన కొడుకు జానకిరామ్‌ని రోడ్డు ప్రమాదమే పొట్టనబెట్టుకుంది. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర, తన కారు తానే నడుపుకుంటూ హరికృష్ణ కూడా పోయారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వార్త చదివిన ఉదయం నాకింకా మరపు రాదు.

ఇంకా బాగా నేర్పితే ప్రమాదాలు తగ్గుతాయా అంటే, అదీ లేదు. నార్వేలో కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద బండిని అదుపు చేయడం నేర్పారు. తర్వాత లెక్క తీస్తే కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారినా ఆపుకోగలమన్న ధీమా వచ్చేసింది మరి. కాబట్టి నేర్పు ఒక్కటే నేర్పితే చాలదు. ఆ మాటకొస్తే, ఎదురుదారిలో రావద్దన్న నిబంధన నడిపేవాడి నేర్పును చూసి పెట్టింది కాదు, అవతలివాళ్ల కోసం పెట్టింది. కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు దిగి సంచి పట్టుకుని రోడ్డు దాటే పెద్దావిడ ముందు కుడివైపే చూస్తుంది. బండ్లు రావాల్సింది అటునుంచే. మీరు ఎడమనుంచి దూసుకొస్తే మీ అనుభవం ఆవిడకెలా తెలుస్తుంది?

కొత్త బండి కొనగానే సంపత్ వినాయకుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి బయల్దేరుతాం. మంచిదే. అలాగే హెల్మెట్ తలకు పెట్టుకోండి. యూటర్న్ ఎంత దూరమున్నా అక్కడిదాకా వెళ్లి తిరిగి రండి. బాగా నడపగలిగినవాళ్లు మరీ తప్పకుండా రండి.